పంపు మార్చిన వాళ్లు ఒక్కసారి మాకు చెప్పండి

మా దగ్గర హైడ్రాలిక్ సిలిండర్లు చేయించుకున్న అందరికీ నమస్కారం.

పోయిన నెల మేం చేసిన సిలిండరే ఒకటి, చివర మూసే ఎండ్ కవర్ బోల్టులు తెగి మా బాలానగర్ షాపుకి తిరిగొచ్చింది. 80 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం), అర అంగుళం పోర్టులు (ఆయిల్ వచ్చిపోయే దారులు), కుషన్ (చివర్లో పిస్టన్ వేగం తగ్గించే ఏర్పాటు) లేదు. దాంతో 500 కిలోల ట్రాలీ నెట్టిస్తున్నారు. మొదట్లో నిమిషానికి 30 లీటర్ల పంపు, సెకనుకు 10 సెంటీమీటర్ల వేగం. ఏ ఇబ్బందీ లేదు. పని పెరిగి, 90 లీటర్ల పంపు పెట్టుకోవచ్చా అని ఫోన్లో నన్నే అడిగారు. ప్రెషర్ అదే కదా, పెట్టుకోండి అన్నాను. లోడ్ ఎంతో, చివర్లో ఎలా ఆగుతుందో అడగలేదు. తప్పు నాది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పెద్ద ఊరట. మా ఖర్చుతో కొత్త సిలిండర్ చేసిచ్చాం.

వేగం మూడింతలైతే కవర్‌కి తగిలే దెబ్బ తొమ్మిదింతలవుతుంది: 2.5 జౌల్స్ కాస్తా 22.5. పైగా పంపు వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. అర అంగుళం దారిలో 90 లీటర్లు పోవాలంటే ఆయిల్ సెకనుకు 12 మీటర్ల వేగంతో దూరాలి. 5 మీటర్ల దగ్గరే ఉంచాలన్నది మా లెక్క. అంతకు బాగా మించితే ప్రెషర్ పోర్టు దగ్గరే పోతుంది, ఆయిల్ కాగుతుంది.

రిటర్న్ స్ట్రోక్ సంగతి చాలామంది మర్చిపోతారు. పిస్టన్ రాడ్ 45 మిల్లీమీటర్లు ఉంటే, అది కొంత చోటు తినేస్తుంది కాబట్టి, రాడ్ వైపు 90 లీటర్లు పోసినప్పుడు వెనక వైపు నుంచి 130కి పైగా బయటికి రావాలి. అందుకే కొత్తదానికి రాడ్ వైపు ముప్పావు అంగుళం, వెనక వైపు అంగుళం పోర్టు ఇచ్చాం. రెండు చివర్లా కుషన్ పెట్టాం.

కుషన్ ఉన్నా రెండు జాగ్రత్తలు తప్పవు. పిస్టన్ చివరిదాకా వెళ్తేనే అది పనిచేస్తుంది. బయట స్టాపర్ పెట్టి ముందే ఆపేస్తే ఉన్నా లేనట్టే. కుషన్ సర్దే స్క్రూ పూర్తిగా బిగించకండి, లోపల చిక్కిన ఆయిల్ ప్రెషర్ పంపు ప్రెషర్‌ని దాటిపోతుంది. తక్కువ వేగంతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ సెట్ చేసుకోండి.

ఇకమీదట పంపు లీటర్లు, లోడ్ బరువు, స్ట్రోక్ ఎన్ని సెకన్లలో పూర్తవ్వాలో చెప్పందే డ్రాయింగ్ మొదలుపెట్టం. సెకనుకు 10 సెంటీమీటర్లు దాటితే కుషన్ లేకుండా ఇవ్వం. రేటు పెరుగుతుంది, డెలివరీకి ఇంకొన్ని రోజులు పడుతుంది. అది ఇష్టం లేక ఆర్డర్ పోయినా సరే.

కుషన్ లేని సిలిండర్ తీసుకుని, తర్వాత పంపు మార్చిన వాళ్లు ఈరోజే బాడీ మీది నంబరు, పంపు లీటర్లు మాకు వాట్సాప్ చేయండి. మేం లెక్క వేసి చెప్పేదాకా ఫ్లో కంట్రోల్ వాల్వ్‌తో ఆయిల్ పారడం తగ్గించి పాత వేగంతోనే నడపండి.