కంపాసుకు ఉత్తరం

ఒరేయ్ కంపాసూ,

జవాబు రాయడం లేటయిందని ఈపాటికి తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్లు తప్ప. ఇప్పుడు చెప్పబోయే కథంతా ఆ మోకాళ్లదే.

మా పేటకి ఆరోగ్య కేంద్రం వచ్చింది. ఎంత దూరం నుంచి నడిచి రావచ్చో చూపించడానికి ప్లాను పటంలో దాని చుట్టూ 400 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీశారు, మా ఇల్లు నిక్షేపంగా లోపలే ఉంది. "ఐదు నిమిషాలు, నడిచి పోదాం పద" అని అమ్మని బయల్దేరదీశాను. (నీ ఐదు నిమిషాలు కాదురా, నిజం ఐదు నిమిషాలు.)

అరగంట పట్టింది!

మధ్యలో పొడవాటి ప్రహరీ, దానికో గేటు, గేటుకి తాళం. అవతల కేంద్రం బోర్డు కనిపిస్తూనే ఉంది! చుట్టూ తిరిగితే 1,100 మీటర్లు. పైగా మెయిన్ రోడ్డు దాటాలి. సిగ్నళ్లకి టైము పెట్టేటప్పుడు మనిషి సెకనుకి సుమారు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్కేస్తారు కదా, అమ్మది అందులో సగం. సగం దాటేసరికి ఎర్ర లైటు. డివైడర్ మీద ఇద్దరం నిలబడిపోయాం, అటూ ఇటూ బస్సులు. అమ్మ నా చెయ్యి పట్టుకున్న తీరు... సరే, అది వదిలెయ్.

రాత్రి నిద్రపట్టక గళ్ల పుస్తకం తీశాను. నిలువూ అడ్డమూ వీధులే ఉన్న ఊళ్లో 400 మీటర్లు నడిస్తే వృత్తం రాదురా, డైమండ్ ఆసు ఆకారం వస్తుంది! వైశాల్యం వృత్తంలో 64 శాతమే. గోడలూ తాళాలూ లేని ఊళ్లో సంగతి ఇది. 1929లో న్యూయార్క్ ప్రాంతీయ ప్రణాళిక కోసం పేట ఎలా ఉండాలో నమూనా వేసిన క్లారెన్స్ పెర్రీ అనే ఆయన కూడా పావు మైలు వృత్తమే గీశాడు, అంటే ఇంచుమించు ఈ 400 మీటర్లే. కానీ ఆయన బడిని నడిమధ్యన పెట్టి, పెద్ద రోడ్లని పేట అంచులకి నెట్టేశాడు, పిల్లలు వాటిని దాటే పని లేకుండా. మావాళ్లు వృత్తం ఒక్కటీ దాచుకుని మిగతాది పారేశారు. ఒళ్లు మండదూ?

ఆ గేటు తీస్తే చాలు, నడక 450 మీటర్లకి దిగుతుంది. కొత్త రోడ్డక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. అర్జీ రాశాను, పటం కూడా జతచేశాను. వృత్తం నీలానే గీశాను, కాగితానికి చిల్లు పడింది!

తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుంటే... అదిగో, అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, మళ్లీ ఈవేళే చూపించుకోవాలట. ఉంటానురా.