ఫ్యాక్టరీ ఇక్కడ ఉన్నప్పుడు హెచ్‌ఆర్ ఉద్యోగమూ ఇక్కడే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల పరిధిలో ఎంబీఏ చదివి, అందులో మానవ వనరుల (హెచ్‌ఆర్) విభాగాన్ని ఎంచుకున్న మన పిల్లలకు సొంత జిల్లాలో కొలువు దొరకడం గగనమైపోయింది. బెంగళూరు రహదారి మీది ఫ్యాక్టరీల్లో ఇరవై నాలుగేళ్లు, మొదట హాజరు లెక్కలు చూసే టైం ఆఫీసులోను తర్వాత సిబ్బంది వ్యవహారాల (పర్సనల్) విభాగంలోను పనిచేసి రిటైరైన వాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చదువు ముగించిన వారిలో ఎవరిని కదిలించినా హైదరాబాద్‌లో ఏదో కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేరామనే చెబుతున్నారు. పొద్దస్తమానం ఫోన్లు చేయడం, నెలకు ఇంతమందిని చేర్పించాలన్న టార్గెట్ వెంట పరుగెత్తడం, వచ్చిన జీతంలో సగం హాస్టల్‌కు కట్టడం వారి దినచర్య. ఆ పని చిన్నదని నేను అనను. అయితే కార్మిక చట్టాలూ వేతనాల లెక్కలూ రెండేళ్లు చదివిన చదువు అక్కడ అక్కరకు రావడం లేదు.

మన దగ్గర ఫ్యాక్టరీలకు కొదవ లేదు. పోలేపల్లి రైతుల భూముల్లో వెలిసిన ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో మందుల కంపెనీలున్నాయి. బాలానగర్, రాజాపూర్ దారి పొడవునా యూనిట్లున్నాయి. నల్లగొండ వైపు చిట్యాల, చౌటుప్పల్ పరిశ్రమలు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, మట్టంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉన్నాయి. వీటిలో పనిచేసే స్థానికులకూ, బిహార్, ఒడిశాల నుంచి కాంట్రాక్టర్ల ద్వారా వచ్చిన వారికీ హాజరు వేయాలి, జీతం చీటీ ఇవ్వాలి, జీతంలోంచి భవిష్య నిధి (పీఎఫ్)కి 12 శాతం, వైద్య బీమా (ఈఎస్‌ఐ)కి 0.75 శాతం కోసి యాజమాన్యం వాటాతో కలిపి గడువులోగా జమ చేయాలి. ఈ పనంతా చాలాచోట్ల హైదరాబాద్ హెడ్డాఫీసులోనో కాంట్రాక్టర్ పెట్టుకున్న కన్సల్టెంట్ దగ్గరో జరుగుతోంది. గేటు దగ్గర కార్మికుడికి కనిపించేది సెక్యూరిటీ గార్డూ, టైం ఆఫీసు గుమస్తా మాత్రమే.

కిందటేడు మా ఇంటికి వచ్చిన ఒక ప్యాకింగ్ కార్మికురాలి సంగతి చెబుతాను. ఆధార్‌లో ఆమె పేరు చివర ‘అమ్మ’ ఉంది, పీఎఫ్ ఖాతాలో లేదు. కూతురి పెళ్లికి అడ్వాన్సు పెట్టుకుంటే తిరస్కరించారు. ఆమె ఖాతాలో పేరు సరిచేయాలంటే జాయింట్ డిక్లరేషన్‌ను, అంటే కార్మికురాలూ యాజమాన్యమూ కలిసి ఇచ్చే పత్రాన్ని, యాజమాన్యం ఆమోదించాల్సి వచ్చింది. ఆ పని చూసే మనిషి ఫ్యాక్టరీలో లేడు. మూడుసార్లు కూలి పోగొట్టుకుని హైదరాబాద్ బస్సెక్కింది. ప్లాస్టిక్ కవర్లో నలిగిన కాగితాలు మా అరుగు మీద పరిచి, ‘పేరు నాదే గద సారూ’ అని అడిగింది. లోపల కుర్చీలో ఒక మనిషి ఉంటే పది నిమిషాల్లో తీరే పని అది. పెళ్లికి ఆమె వడ్డీకి అప్పు తెచ్చుకుంది.

2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఇరవై మంది, ఆపైన కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 500 మంది ఉంటేనే సంక్షేమ అధికారి అవసరమయ్యేది. ఇప్పుడు ఆ సంఖ్య 250కి తగ్గింది. వీటిని ఉన్నదున్నట్టు అమలు చేస్తే మన జిల్లాల్లోనే కొత్త కొలువులు వస్తాయి. కాగితం మీద అధికారి పేరు చూపితే సరిపోదు. ఆయన కూర్చునేది ఆ ఫ్యాక్టరీలోనేనా అన్నది తనిఖీకి వచ్చిన అధికారులు చూడాలి.

స్థానికుడిని పెట్టుకుంటే కార్మికుల వైపు మొగ్గుతాడని యాజమాన్యాలు జంకడం నేను ఎన్నోసార్లు విన్నాను. నా అనుభవం వేరు. కురుమూర్తి జాతర రోజుల్లో హాజరు ఎందుకు తగ్గుతుందో, ఏ ఊరి వాళ్లకు ఏ షిఫ్టు తర్వాత బస్సు ఉండదో తెలిసినవాడు మాట మాట పెరగకముందే సర్దిచెప్పగలడు. హైదరాబాద్ నుంచి వారానికొకసారి కారులో వచ్చిపోయేవారికి ఆ సంగతి సమ్మె నోటీసు చేతికందాకే తెలుస్తుంది.

మన పిల్లల వైపూ లోటు ఉంది. నేను ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడు ప్రేరణ సిద్ధాంతాలు గడగడా అప్పజెప్పినవారే హాజరు పట్టీ (మస్టరు) ముందు పెట్టి ఓవర్‌టైం లెక్క కట్టమంటే తడబడ్డారు. జిరాక్స్ సెంటర్లో దొరికే ప్రాజెక్టు రిపోర్టుతో డిగ్రీ ముగించే పద్ధతిని రెండు విశ్వవిద్యాలయాలూ మాన్పించాలి. చివరి సెమిస్టర్ మొత్తం స్థానిక ఫ్యాక్టరీలో ఉంచి మస్టరు, వేతన పట్టీ, పీఎఫ్ రిటర్ను స్వయంగా చేయించాలి. ఉత్తరాది కార్మికులతో మాట్లాడేందుకు హిందీ కూడా అంతే అవసరం.

పరిశ్రమల అనుమతులు, రాయితీలపై కలెక్టర్ల అధ్యక్షతన జిల్లా పారిశ్రామిక ప్రోత్సాహక కమిటీలు సమావేశమవుతుంటాయి. ఫ్యాక్టరీలో మానవ వనరుల సిబ్బంది ఎంతమంది, వారిలో ఇక్కడే ఉండి పనిచేసేవారు ఎంతమంది అన్న వివరాన్ని ప్రతి యూనిట్ నుంచి రాబట్టి ఆ సమావేశాల్లో బయటపెట్టాలని మహబూబ్‌నగర్, నల్లగొండ కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత పర్సనల్ అధికారి,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా