మా చెల్లెలి కోసం నిలబడ్డ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా చెల్లెలి బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఆపరేషన్‌లో క్లోమం (పాంక్రియాస్) గడ్డ మొత్తం వచ్చేసింది, కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు, లింఫ్ గ్రంథులకు పాకలేదు. కీమో అక్కర్లేదు, చెప్పినప్పుడల్లా వచ్చి స్కానింగ్ చేయించుకుంటే చాలన్నారు. రోజూ ఫోన్ చేసి కనుక్కుంటున్న మీకు ముందు ఈ మాటే చెప్పాలి.

చిత్తూరులో స్కానింగ్ తీసినప్పుడు క్లోమం తోక భాగంలో గడ్డ ఉందని తేలింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా పెదనాన్నకు క్లోమంలోనే కాన్సర్ వచ్చి, బయటపడిన కొద్ది నెలలకే పోయారు. మాకు తెలిసిన క్లోమం గడ్డ అదొక్కటే.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో సర్జన్ సార్ స్కాన్ చాలాసేపు చూశారు. గడ్డ చుట్టూ పొర ఉంది, లోపల కొంత గట్టిగా, కొంత నీరుగా ఉంది. "పిల్ల వయసు, ఈ గడ్డ తీరు చూస్తే ఫ్రాంట్జ్ ట్యూమర్‌లా ఉందమ్మా. తీసేస్తే చాలా మందికి మళ్లీ రాదు" అని అమ్మకే నేరుగా చెప్పారు. అమ్మ అక్కడే చేతులు జోడించేసింది.

ఆ పేరు ఎవరిదో తెలుసుకున్నాను. వర్జీనియా నీలాండ్ ఫ్రాంట్జ్ అనే డాక్టరమ్మ. 1922లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో డాక్టరు చదువు పూర్తిచేశారు, అక్కడి ప్రెస్బిటేరియన్ ఆసుపత్రి సర్జరీ ఇంటర్న్‌గా తీసుకున్న మొదటి మహిళ ఆవిడే. తర్వాత ఆపరేషన్‌లో తీసిన భాగాలను మైక్రోస్కోపు కింద చూసే పనిలో స్థిరపడ్డారు. క్లోమం ఆపరేషన్‌కి పేరుపడ్డ సర్జన్ అలెన్ విప్పుల్ గారితో కలిసి, ఇన్సులిన్ ఎక్కువగా చేసే క్లోమం గడ్డల మీద 1935లో పేపరు రాశారు. 1959లో క్లోమం గడ్డల మీద రాసిన గ్రంథంలో, మిగతా వాటిలా లేని కొన్ని గడ్డలను విడిగా వర్ణించారు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వచ్చే రకం అది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి సాలిడ్ సూడోపాపిల్లరీ ట్యూమర్ అని పేరు పెట్టింది. వేరే చోటికి పాకకముందే మొత్తం తీసేస్తే అయిదేళ్లు దాటేవాళ్లు నూటికి 95 మందికి పైనే. ఆవిడ వీటిని కూడా మామూలు క్లోమం కాన్సర్‌లో కలిపేసి ఉంటే మా సార్ నోట ఆ మాట వచ్చేదా? 1967లోనే పోయిన ఆవిడకి ఈ కృతజ్ఞత చేరదు. అయినా చెప్పకుండా ఉండలేను.

గడ్డ ప్లీహాన్ని (స్ప్లీన్) అంటుకుని ఉండడంతో దాన్నీ తీయాల్సి వస్తుందన్నారు. ప్లీహం లేకపోతే కొన్ని ఇన్ఫెక్షన్లు తొందరగా పట్టుకుంటాయి కాబట్టి ముందే టీకాలు వేశారు. ఆపరేషన్ తర్వాత పొట్ట పక్కన పెట్టిన డ్రెయిన్ పైపులో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో నైట్ డ్యూటీ సిస్టర్ టార్చి వేసి చూసి రాసుకునేవారు. క్లోమం రసం కారుతోందేమోనని మేము టెన్షన్ పడుతుంటే, "రంగు బాగుంది, పడుకోండన్నా" అనేవారు. ఆ ఒక్క మాటతో నిద్ర పట్టేది.

పెథాలజీ మేడం నన్ను మైక్రోస్కోపులో చూడనిచ్చారు. సన్నటి రక్తనాళం చుట్టూ కణాలు, దారం చుట్టూ కట్టిన మల్లెమొగ్గల్లా ఉన్నాయి. నాళానికి దూరంగా ఉన్నవి రాలిపోయి, దగ్గరున్నవే అలా మిగులుతాయట. ఈ గడ్డకు ఆనవాలు అదేనన్నారు. పనుల మధ్య నాలాంటివాడికి అంత ఓపిగ్గా చెప్పినందుకు మేడంకి నా నమస్సులు.

రక్తం ఇవ్వడానికి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పాకాల తమ్ముళ్లూ, మీ రుణం తీరేది కాదు. కాగితాల పనికి నాకంటే ముందు పరిగెత్తిన ఆరోగ్యమిత్ర అక్కకి, కొర్లగుంట నుంచి అమ్మకి రెండు పూటలా క్యారియర్ పంపిన అత్తకి, డబ్బు సర్ది ఎప్పుడిస్తావని అడగని మా మార్కెట్ వీధి అన్నలకి దండాలు.

చెల్లి ఇప్పుడు మెత్తటన్నం తింటోంది, వరండాలో నడుస్తోంది. ఇంకొన్నాళ్లు ఇంటికి ఎక్కువ మంది రావద్దన్నారు, దయచేసి ఫోన్ చేయండి, సాయంత్రం ఆరు దాటాక తనే మాట్లాడుతుంది. రక్తం ఇచ్చినవాళ్ల డోనర్ కార్డులు నా దగ్గరే ఉన్నాయి, షాపుకొచ్చి తీసుకెళ్లండి.