తిన్నా చిక్కిపోయే పిల్లి

రఘూ,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ పిల్లి చుక్కకు మెడలోని థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బని, గిన్నె నాకేసి, ఇంకా పెట్టమని కాళ్లకు అడ్డం పడుతూ, అయినా నిమిరితే వెన్నుపూస చేతికి తగిలేంతగా చిక్కిపోయిందని రాశావు. చదువుతుంటే ఇదే జబ్బు చేసిన మా పిల్లి మల్లి కళ్లముందు మెదిలింది. పన్నెండో ఏట అది అర్ధరాత్రి లేచి ఇల్లంతా తిరుగుతూ అరిచేది. ముసలితనంలో హుషారు వచ్చిందని మేము మురిసిపోయాం కూడా! గుండె నిమిషానికి 240 సార్లు కొట్టుకుంటోందని డాక్టరు చెప్పాక ఆ మురిపెం దిగిపోయింది.

నువ్వు రాసిన పొడులు, టానిక్కుల చిట్టాలో ముందు సముద్రపు నాచు పొడిని తీసెయ్యి. థైరాయిడ్‌కు మంచిదని నీకెవరో చెప్పి ఉంటారు. నాచు నిండా అయోడినే, ఆ మాట అయోడిన్ చాలనివాళ్ల సంగతి. చుక్క గ్రంథి ఇప్పటికే అవసరానికి మించి హార్మోను తయారుచేస్తోంది, నువ్వు దానికి ముడిసరుకైన అయోడిన్ అందిస్తానంటావా? మందుకు బదులు వాడదగ్గ మూలికా లేదు.

ఆ ముడిసరుకు అందకుండా చేసే తిండి మాత్రం ఉంది. అయోడిన్ బాగా తగ్గించిన ఆ ప్రత్యేక ఆహారం 2011 నుంచి దొరుకుతోంది, కొన్ని వారాల్లో హార్మోను దిగుతుంది. అయితే అదొక్కటే తినాలి, పక్కన ఒక్క చేపముక్క కూడా కూడదు. మల్లికి ఆరు వారాలు పెట్టినా రక్తంలో టీ4, అంటే ఆ థైరాయిడ్ హార్మోను, దిగలేదు. నేను ఆ తిండినే తిట్టుకున్నాను. ఒక తెల్లవారుజామున మంచినీళ్లకు లేచి చూస్తే, మల్లి మా రెండో పిల్లి గిన్నెలో తల దూర్చి, చెవులు వెనక్కి మడిచి, తాపీగా నములుతోంది. నన్ను చూసి ఆపలేదు సరికదా, ఒక కన్ను నామీద వేసి ఇంకాస్త వేగం పెంచింది.

మూడు పిల్లులున్న నీ ఇంట్లో ఆ పథ్యం సాగదు. హార్మోను తయారీని తగ్గించే మెథిమజోల్ మాత్రలే నయం. మాత్ర మింగకపోతే చెవి లోపలివైపు రాసే జెల్ ఉంది. మాత్ర పొడి చెయ్యకు, జెల్ రాసేటప్పుడు చేతికి తొడుగు వేసుకో. వాంతులు మొదలైనా, ముఖం రక్తం వచ్చేలా గీరుకున్నా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. అందుబాటులో ఉంటే రేడియో అయోడిన్ చికిత్స (అతిగా పనిచేసే థైరాయిడ్ కణాలను రేడియోధార్మిక అయోడిన్‌తో నశింపజేసేది) గురించి కూడా అడుగు. చాలా పిల్లులకు ఒక్క మోతాదుతోనే నయమవుతుంది.

మందు వాడితే తిండికి ఇంత కట్టడి ఉండదు. కరిగిపోయిన కండ తిరిగి పట్టాలంటే మాంసకృత్తులు దండిగా కావాలి. కానీ మూత్రపిండాలను మరిచిపోకు. థైరాయిడ్ ఉరకలు వేసినంతకాలం వాటికి రక్తం ఎక్కువగా అంది, పరీక్షలో బాగున్నట్టే కనిపిస్తాయి. మందు పనిచేశాక అసలు రంగు బయటపడుతుంది. అందుకే నెల తిరక్కుండా మళ్లీ రక్తపరీక్ష, రక్తపోటు చూపించు. మూత్రపిండాల జబ్బుకు ఇచ్చే ప్రత్యేక తిండి పెట్టాలో లేదో అప్పుడు తేలుతుంది, నీ అంతట నువ్వు ముందే మాంసం తగ్గించకు.

పిల్లులకు తప్పనిసరైన టారిన్ అనే పోషకం మంచి పిల్లి తిండిలో ఎలాగూ ఉంటుంది, విడిగా కొనకు. బీ12 విటమిన్ మాత్రం కొన్ని పిల్లులకు పడిపోతుంది, పరీక్షలో తక్కువని తేలితే డాక్టరే సూది వేస్తారు. చిట్టాలో మిగిలినవన్నీ కొట్టేశాను, కోపగించుకోకు.

వారానికోసారి చుక్కను తూచు. నువ్వు ఎత్తుకుని నిలబడే పెద్ద త్రాసు వద్దు, పసిపిల్లల త్రాసు తెచ్చుకో, యాభై గ్రాముల తేడా కూడా తెలియాలి. వచ్చే ఉత్తరంలో దాని బరువు రాయి. నీది అక్కర్లేదు.

నీ
సూర్యం