క్వీన్ మార్చుకుంటే తప్పేంటి?

సంపాదకులకు,

నేను లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి. తెనాలిలో మా అరుగు మీద వీధి పిల్లలకు చెస్ నేర్పుతుంటాను. మీ ఆదివారం పేజీలోని పజిల్ కోసం వాళ్లు పేపరు లాక్కుంటారు. అందుకే ఈ ఫిర్యాదు. ఎప్పుడు చూసినా ‘తెల్లపావులు ఆడి రెండెత్తుల్లో ఆటకట్టు’ అనే పజిలే ఇస్తారు. క్వీన్‌ని బలిచ్చి గుర్రంతో కట్టేయడం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ అలాంటి అవకాశం మా పిల్లల ఆటల్లో ఎప్పుడోగానీ రాదు. తరచుగా వచ్చేది ఒక్క బంటు ఆధిక్యం. దాన్ని గెలుపుగా ఎలా మార్చుకోవాలో చెప్పే పజిల్ మీ పేజీలో నాకింతవరకు కనపడలేదు.

మొదటి సూత్రం చిన్నదే. ఆధిక్యంలో ఉన్నవాడు పావులు మార్చుకోవాలి, అంటే తనదొకటి ఇచ్చి ఎదుటివాడిది అలాంటిదే తీసుకోవాలి, బంట్లు మాత్రం కాపాడుకోవాలి. బోర్డు నిండుగా ఉన్నప్పుడు పదహారుకు పదిహేను అంటే ఎవరికీ పట్టదు. రాజూ బంటూ ఒకవైపు, ఒంటరి రాజు రెండోవైపు మిగిలితే చివరి వరస చేరి క్వీన్ కాగల ఆ ఒక్క బంటే ఆట మొత్తం.

ఈ సంగతి పెద్దవాళ్లకు చెప్పడమే కష్టం. ఆమధ్య జిల్లా పోటీల్లో మా వీధి పాప ఒక బంటు ముందుండి క్వీన్లు మార్చుకుంది. కిటికీలోంచి చూస్తున్న వాళ్ల నాన్న అది చూడలేక టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రూక్‌లు కూడా పోయాయి, పాప రాజు తాపీగా నడుచుకుంటూ వెళ్లి బంటుకు దారి చూపించాడు. బయటికి రాగానే “క్వీన్‌ని చేతులారా ఇచ్చేశావేంటమ్మా!” అని తగులుకున్నాడాయన. “గెలిచాను నాన్నా” అంటున్నా వినడే! కోచింగులూ అలాగే ఉన్నాయి. ఓపెనింగ్ ఎత్తులు బట్టీ పట్టిస్తారు, కొద్ది పావులే మిగిలే చివరి దశ, ఎండ్‌గేమ్, ‘తర్వాత చూద్దాం’ అంటారు.

1971లో బ్యూనస్ ఏర్స్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్, పెట్రోస్యాన్ ఆడిన ఏడో ఆట మీ పాఠకులకు చూపించండి. పెట్రోస్యాన్ అప్పటికే మాజీ ప్రపంచ చాంపియన్, డిఫెన్స్‌కి పెట్టింది పేరు. క్వీన్లు 14వ ఎత్తుకే బోర్డు దిగిపోయాయి. ఫిషర్ గుర్రం సి5 గడిలో దర్జాగా కూర్చుంది, దాన్ని తరిమే బంటు నల్లవైపు లేదు. పెట్రోస్యాన్ బిషప్ డి7లో, సొంత బంట్ల వెనక ఇరుక్కుని ఉంది. ఫిషర్ 22వ ఎత్తుకు ఆ బంగారంలాంటి గుర్రాన్ని ఈ పనికిమాలిన బిషప్‌కి మార్చేశాడు! మొదటిసారి చూసినప్పుడు మా పిల్లలంతా “అయ్యో” అన్నారు. నిజానికి ఆ బిషప్ బి5కి వచ్చి ఫిషర్ బిషప్‌ని మార్చేసుకుంటే పెట్రోస్యాన్‌కి ఊపిరాడేది. ఆ దారి మూసేసి ఫిషర్ 24వ ఎత్తుకు రూక్‌ని ఏడో వరసలో దింపాడు. కాసేపటికి రెండో రూక్ కూడా అక్కడికే చేరింది. 34వ ఎత్తుకు ఆట ముగిసింది. ఏం పోయిందని కాదు, బోర్డు మీద ఏం మిగిలిందని చూడమని నేను పిల్లలకు చెప్పేది ఈ ఆట పెట్టుకునే.

అలాగని కళ్లు మూసుకుని మార్చుకుంటూ పోకూడదు. చివరికి ఒకరికి తెల్లగళ్ల బిషప్, ఇంకొకరికి నల్లగళ్ల బిషప్ మిగిలాయంటే ఒక బంటు ఎక్కువున్నా తరచుగా డ్రానే. ఆఖరి పావులు మార్చుకునే ముందైతే రాజులూ బంట్లే మిగిలే బంట్ల ఆటను చివరిదాకా లెక్కేయాలి, ఆ తర్వాత వెనక్కి వచ్చే దారి ఉండదు.

డ్రా కావాలనుకునేవాడికీ మార్చుకోవాలనే ఉంటుంది, అక్కడే దెబ్బతింటాడు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆఖరి ఆటలో డింగ్ లిరెన్‌కి జరిగింది ఇదే. ఒక బంటు తక్కువైనా డ్రా చేసుకోగల స్థితిలో 55వ ఎత్తుకు రూక్‌ని ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. రూక్‌లు పోగానే గుకేశ్ బిషప్ డి5కి వచ్చింది. ఏ8 మూలలో ఉన్న డింగ్ బిషప్‌కి తప్పించుకునే గడి లేదు. అదీ మారిపోయాక మిగిలింది ఓడిపోయే బంట్ల ఆట. మా గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ గుకేశ్ బృందంలో ఉన్నాడని ఇక్కడ అందరూ గర్వంగా చెప్పుకుంటారు, డింగ్‌ని ముంచిన ఆ ఎత్తేమిటని అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారు. నేను చూసిన పేపర్లు కూడా డింగ్ పొరపాటు చేశాడని రాసి ఊరుకున్నాయి, ఆ పొరపాటేంటో బొమ్మ వేసి చూపలేదు.

కాబట్టి నెలకొక్కసారైనా ‘తెల్లవైపు ఒక బంటు ఎక్కువ, ఏది మార్చుకోవాలి?’ అని ఒక పజిల్ వేయండి. బొమ్మ కాస్త పెద్దదిగా వేయండి, ఇప్పుడున్న సైజులో బిషప్‌కీ బంటుకీ తేడా తెలీడం లేదు. అక్కడ బంట్లు సమానమే అయినా, మొదటి పజిల్‌గా ఫిషర్ 22వ ఎత్తు పెట్టండి. జవాబు మాత్రం అదే పేజీలో తలకిందులుగా అచ్చు వేయకండి, మావాళ్లు ముందు పేపరే తిప్పుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, తెనాలి