తాళాలు చేతికి వచ్చే వరకు

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు,

మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీవు, అల్లుడుగారు, చంటిది క్షేమంగా ఉన్నారని తలుస్తాను. సంక్రాంతికి నీ ఫోను రాలేదు. పని ఎక్కువై ఉంటుందని మీ అమ్మకు నచ్చజెప్పాను. విశాఖ అత్త కొడుకు చేత సున్నుండలు, అరిసెలు పంపుతున్నాం. చంటిదానికి దగ్గు పూర్తిగా తగ్గేవరకు అరిసె ముక్క కూడా పెట్టవద్దని మీ అమ్మ మరీ మరీ చెప్పింది.

మీ కంపెనీలో కొందరిని తీసేస్తున్నారని ఆ అబ్బాయే మాటల మధ్యలో అన్నాడు. దాని గురించి అడగడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. మీరు అక్కడ కొంటున్న ఇంటి కాంట్రాక్టు నకలు నీవు పంపగా చదివాను గనుక, అందులో నాకు తోచినవి చెబుదామని మొదలుపెట్టాను.

నవంబరు చివర ఎక్స్ఛేంజ్, అంటే ఇరువైపులా సంతకాలైన కాంట్రాక్టులు మార్చుకోవడం, అయింది. నూటికి పది చొప్పున 36,000 పౌండ్లు కట్టేశారు. కంప్లీషన్, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకోవడం, మాత్రం మే 30న. అమ్మే ఆవిడ కొనుక్కుంటున్న కొత్త ఫ్లాటు అప్పటికి గాని పూర్తి కాదన్న కారణం సరైనదే కావచ్చు గాని, మీ ఇంగ్లండులో సాధారణంగా కొన్ని వారాల్లో ముగిసే పనికి ఆరు నెలల గడువు ఒప్పుకున్నప్పుడు, ఆ ఆరు నెలల్లో జరగగలిగే ప్రతిదానికీ ముందే ఏర్పాటు ఉండాలి. మీ లోను ఆఫరు ఏప్రిల్ 10తో ముగుస్తుందని అదే కాగితాల్లో ఉంది. ఏప్రిల్ 10కీ మే 30కీ మధ్య మీ చేతిలో ఏముంటుంది? గడువు పెంచమని అడిగితే బ్యాంకు మళ్ళీ జీతం కాగితాలు, పాత బాకీలు చూడవచ్చు. లోను రాలేదన్నంత మాత్రాన మీరు కాంట్రాక్టు నుంచి బయటపడలేరు. చెప్పిన తేదీకి డబ్బు కట్టకపోతే అవతలివారు నోటీసు ఇస్తారు. పది పనిదినాలు దాటితే కాంట్రాక్టు రద్దు చేసి, కట్టిన సొమ్ము ఉంచేసుకుని, ఇల్లు మరొకరికి తక్కువకు అమ్ముకోవలసి వస్తే అంతకు మించిన నష్టాన్ని కూడా మీ దగ్గర వసూలు చేయవచ్చు. అందుకే ఆ కంపెనీ సంగతి నా మనసులో నుంచి పోవడం లేదు.

రెండో విషయం ఇన్సూరెన్సు. మన చట్టంలో అమ్మకం పూర్తయ్యేవరకు ఇంటికి ఏం జరిగినా నష్టం అమ్మేవారిది. మీ కాంట్రాక్టులో మాత్రం, అక్కడ ఎక్కువగా వాడే షరతుల ప్రకారమే, సంతకాలు మార్చుకున్న రోజు నుంచి ఆ నష్టం కొనేవారిదని ఉంది. ఆవిడ ముందే ఖాళీ చేసి కూతురి దగ్గరకు వెళ్తే, ఈ చలిలో హీటింగ్ లేని ఇంట్లో గొట్టాలలో నీరు గడ్డకట్టి పగిలితే పైకప్పు తడిసి కిందికి దిగుతుంది. ఇల్లు నెల రెండు నెలలకు మించి ఖాళీగా ఉంటే చాలా పాలసీలు అటువంటి నష్టం ఇవ్వవు. పాలసీ తీసుకున్నారా? తీసుకుంటే ఖాళీ ఇంటి షరతు చదివారా?

కాకినాడ పెద్దనాన్న సంగతి నీకు సగమే తెలుసు. రామారావుపేటలో ఆ ఇంటికి బయానా ఇచ్చి, అమ్మేవారి కూతురి పెళ్ళి అయ్యాక రిజిస్ట్రేషన్ పెట్టుకుందామని అగ్రిమెంటు వ్రాసుకున్నారు. బయానాకు మీ పెద్దమ్మ కాసులపేరు కుదువపెట్టారు. పెళ్ళి అయిన నెలలోపే ఆ పెద్దమనిషి గుండెపోటుతో పోయాడు. ఇద్దరు కొడుకులు, పెళ్ళైన కూతురు, అంతకుముందే చనిపోయిన పెద్దకొడుకు పిల్లవాడు వారసులయ్యారు. మైనరు వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. ఈలోగా చిన్నకొడుకు వీధి వైపు టేకు తలుపులు, ద్వారబంధంతో సహా, ఊడదీసి తన ఇంటికి పట్టుకుపోయాడు. మీ పెద్దనాన్న ఆ ఖాళీ గుమ్మం ముందు నిలబడి, అడగడానికి తనకేం హక్కుందో తెలియక తిరిగి వచ్చాడు. మన చట్టంలో అగ్రిమెంటు ఒక్కటే ఆస్తిలో హక్కు ఇవ్వదు. అమలు చేయించుకోవడానికి దావా వేయాలి, దానికీ మూడేళ్ళ గడువే. అది ముగియబోతుండగా వకీలు హెచ్చరిస్తే దావా వేశాడు. చివరకు రాజీ కుదిరి ఇల్లు వచ్చింది గాని, కాసులపేరు తిరిగి రాలేదు. పెద్దమ్మ ఆ మాట ఎప్పుడూ అనదు, నీవు కూడా అడగకు.

మీ అమ్మకందారు పెద్దావిడ కాబట్టి ఇది చెబుతున్నాను. ఆవిడకు ఏమైనా అయితే కాంట్రాక్టు వారసులకూ వర్తిస్తుంది గాని, వారికి కోర్టు నుంచి అధికారం వచ్చేవరకు నెలలు గడుస్తాయి, మీ లోను గడువు ఆగదు. ఆ ఇంటి టైటిల్ మీద మీ కాంట్రాక్టు గురించి ల్యాండ్ రిజిస్ట్రీలో నోటీసు నమోదు చేయించమని మీ సొలిసిటర్‌ను, అంటే ఈ కొనుగోలు చూస్తున్న మీ వకీలును, అడుగు. కంప్లీషన్‌కు ముందు ఆ రిజిస్ట్రీ రికార్డులో చివరిగా చేయించే సెర్చ్ ముప్పై పనిదినాల రక్షణే ఇస్తుంది, ఆరు నెలలకు అది చాలదు. మీరు కట్టిన సొమ్ము ఎవరి చేతిలో ఉందో, ఆవిడ తన ఫ్లాటు బయానాకు వాడుకునే వీలుందో కూడా తెలుసుకో.

ఉద్యోగంలో మార్పు ఏదైనా వస్తే బ్యాంకుకు దాచవద్దు. ముందు సొలిసిటర్‌కు చెప్పి, తర్వాత బ్యాంకుకు చెప్పు, ఆ వెంటనే మాకు చెప్పు. మీ అమ్మ పేరున ఉన్న డిపాజిట్టు మార్చిలో మెచ్యూర్ అవుతుంది, దాన్ని ఇంకా రెన్యూవల్‌కు ఇవ్వలేదు. అల్లుడుగారు మొహమాటపడతారని తెలుసు. ఆయనతో నేను మాట్లాడతాను.

రాత్రిళ్ళు మేలుకుని కంప్యూటరు ముందు కూర్చోకు. స్వెటరు వేసుకో. పాలసీ కాగితాలు, బ్యాంకు గడువు పెంచితే ఇచ్చే ఉత్తరం ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం నీకు వీలైన వేళకు ఫోను చెయ్యి. మేము ఇంట్లోనే ఉంటాం.

ఆశీస్సులతో,
నాన్న