ఏసీలో గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

సంపాదకులకు,

ఎండలు ముదిరేసరికి భూతాపం మీద వ్యాసాలు మొదలవుతాయి. బొగ్గు గురించి, పెట్రోలు గురించి, అడవుల నరికివేత గురించి రాస్తారు. రాయాల్సిందే. ఆ వేడి నుంచి తప్పించుకోవడానికి గోడకు బిగించుకునే యంత్రంలోని గ్యాస్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. కాబట్టి ఉక్క పెరుగుతుంది, ఆ తేమను తీయడానికి ఏసీ మరింత కష్టపడాలి. 2018లో ప్రపంచంలో 160 కోట్ల ఏసీలు ఉంటే 2050కి అవి 560 కోట్లు అవుతాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా.

ఇప్పటికీ ఎన్నో ఏసీల్లో ఉన్నది ఆర్-410ఏ అనే గ్యాస్. అది ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కన 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు కాలిస్తే వెలువడేది సుమారు 2.3 కిలోలు. అంటే కిలో గ్యాస్ వదిలేస్తే 900 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టే. ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలో ఉండేది ఇంచుమించు ఆ కిలోయే. ఆర్-32 అనే మరో ఏసీ గ్యాస్‌కు ఇదే లెక్క 675 కిలోలు. నయమే గానీ తక్కువేమీ కాదు.

1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఓజోన్ పొరను తినేసే వాయువులకు కళ్లెం వేసింది. వాటి స్థానంలో వచ్చిన ఆర్-410ఏ, ఆర్-32 లాంటి హైడ్రోఫ్లోరోకార్బన్లు, అంటే హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్ జోలికి పోవు గానీ వేడిని గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో ఆ ఒప్పందాన్ని సవరించారు. సరిగా అమలైతే ఈ శతాబ్దాంతానికి అర డిగ్రీ వరకు తాపం తప్పుతుందని లెక్క. అయితే ఆ సవరణ ప్రధానంగా కొత్త గ్యాస్ తయారీకి, వాడకానికి కోత పెడుతుంది. ఇప్పటికే గొట్టాల్లో ఉన్న గ్యాస్ గతి ఏమిటన్నది చాలావరకు రెంచి పట్టిన చేతిలో ఉంది.

"గ్యాస్ అయిపోయింది, నింపాలి" అన్న మాటలోనే తప్పుంది. ఏసీ గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. లీకు పట్టకుండా నింపితే ఆ నింపిందీ గాలిపాలే. ముందుగా చూడాల్సింది రాగి గొట్టాలను యూనిట్లకు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర. కంప్రెసర్ నూనె గ్యాస్‌తో పాటే బయటికి వస్తుంది కనుక అక్కడ జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే ఆనవాలు దొరికినట్టే. సబ్బు నురగ పూస్తే బుడగలు చెబుతాయి. పావు అంగుళం నట్టుకు 14 నుంచి 18, 3/8 అంగుళం నట్టుకు 34 నుంచి 42 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. బలం కొద్దీ తిప్పితే రాగి అంచు పలచబడి చీలుతుంది. ఆ రోజుకు చల్లగానే ఉంటుంది, లీకు సంగతి వచ్చే వేసవికి తేలుతుంది. బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచి లేకుండా ఈ పనికి రావడం నా దృష్టిలో స్కేలు లేకుండా వడ్రంగానికి రావడం లాంటిదే.

కొత్తగా బిగించేటప్పుడు వాల్వు కొద్దిగా తెరిచి, లోపలి గ్యాస్‌తోనే గాలిని బయటికి తరిమే అలవాటు ఒకటుంది. దాంతో గ్యాస్ పోతుంది, తేమ మిగిలిపోతుంది. ఆ తేమ కంప్రెసర్‌లోని పీఓఈ రకం నూనెతో కలిసి ఆమ్లమై, మోటారు వైండింగ్‌ను తినేస్తుంది. చేయాల్సింది ఇది: కంపెనీ చెప్పిన ప్రెషర్‌కు నైట్రోజన్ ఎక్కించి గేజి ముల్లు నిలుస్తోందో లేదో చూడాలి. ఆక్సిజన్ ఎప్పుడూ వాడకూడదు, నూనె తగిలితే పేలుతుంది. తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి ప్రెషర్‌ను 500 మైక్రాన్ల (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) కిందికి దించి, పంపు ఆపి పది నిమిషాలు ఆగాలి. అంకె కొంత పెరిగి ఆగిపోతే లోపల తేమ ఉన్నట్టు, ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు. మామూలు గేజిలో ఈ తేడా కనబడదు, మైక్రాన్ గేజి కావాల్సిందే. గ్యాస్ నింపడం కూడా తూకం వేసే జరగాలి. ప్రెషర్ బయటి ఎండను బట్టి మారుతుంది, దాన్ని నమ్మి నింపితే ఎక్కువో తక్కువో అవుతుంది.

ఇల్లు మారేటప్పుడు ఏసీని కూలింగ్‌లో నడిపిస్తూ సన్న గొట్టం వాల్వు మూయాలి. గేజి సున్నాకు దగ్గరపడగానే లావు గొట్టం వాల్వు మూసి, వెంటనే కరెంటు ఆపాలి. గ్యాస్ అంతా అవుట్‌డోర్ యూనిట్‌లో చేరుతుంది. లీకు ఉన్న యంత్రానికి మాత్రం ఇలా చేయకూడదు. బయటి గాలిని పీల్చుకుంటే కంప్రెసర్ పేలవచ్చు. అలాంటప్పుడు గ్యాస్‌ను సిలిండరులోకి లాగే రికవరీ యంత్రమే దిక్కు.

తుక్కుకు వెళ్లే ఏసీల విషయంలోనే అందరూ చేతులెత్తేస్తున్నారు. రాగి కోసం గొట్టం కత్తిరించిన క్షణాల్లో మిగిలిన గ్యాసంతా పోతుంది. ముందే దాన్ని రికవరీ సిలిండరులోకి లాగాలి, అదీ 80 శాతానికి మించకుండా. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ ఖాళీ తప్పనిసరి. పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాస్‌ను, ఆర్-410ఏను ఒకే సిలిండరులో కలిపితే శుద్ధి చేసి మళ్లీ వాడే దారి దాదాపు మూసుకుపోతుంది, నాశనం చేయించాల్సిందే. అందుకే ప్రతి సిలిండరు మీదా లోపలున్న గ్యాస్ పేరు, బరువు రాసి ఉండాలి.

ఇట్లు,
ఒక శీతలీకరణ ఇంజినీరు